గళ్ల లుంగీ వస్త్రాపహరణం

దేవుడి వేషం వేసుకున్నవాడికి నడిబజారులో ఏది జరగకూడదో, అదే నాకు గుడియాత్తంలో గోకులాష్టమి నాడు, పట్టపగలు, మేళతాళాలతో జరిగింది. చూసినవాళ్లు ఇప్పటికీ నేను ఎదురైతే పొట్ట పట్టుకుంటారు. చూడనివాళ్ల కోసం ఫోన్లలో వీడియో తిరుగుతోంది. అది కూడా చూడని పుణ్యాత్ములు మిగిలి ఉంటే ఇలా రండి, నేనే చెబుతాను. పరువు ఎలాగూ మిగల్లేదు, కథైనా సరిగ్గా చెప్పుకోవాలి కదా!

మాది మగ్గాల ఇల్లు. పగలంతా లుంగీలు నేయడం, సాయంత్రం భజన మందిరానికి పోవడం. ఇరవై మూడేళ్లకే భారత భాగవతాలు నాకు కొట్టినపిండి. అంతవరకు దేవుడి దయ. ఆ సంగతి బజారులో ప్రతివాడికీ తెలియాలన్నది మాత్రం నా సొంత జబ్బు. ఆ ఏడు మా మందిరంలో ఏకాదశికి పురాణం చెప్పే గోవిందప్ప తాతకు గొంతు బొంగురుపోయింది. ఆయన పీట మీద కూర్చోవాలని నా ప్రాణం కొట్టుకుంది. సిగ్గు విడిచి అడిగేశాను.

"చూద్దాం లే నాయనా. ముందు అష్టమి ఊరేగింపుకు మన మందిరం బండి నువ్వు కట్టు. అది బాగా జరిగితే పీట నీదే" అన్నాడు తాత.

ఇంకేం! స్నేహితులిద్దరినీ పిలిచాను. పక్కమగ్గం మునిరత్నం, దారప్పోగులా ఉంటాడు. వేలూరు బజారులో వాళ్ల నాయన కిరాణా కొట్లో బియ్యం మూటలు మోసే బాలాజీ, మూటలాగే ఉంటాడు. పోగును ద్రౌపదిగా, మూటను దుశ్శాసనుడిగా నియమించాను. కృష్ణుడెవరో మీరు ఊహించే ఉంటారు.

"అంత చీర యాడ తెచ్చేదప్పా?" అన్నాడు బాలాజీ.

"చీరెందుకురా? మగ్గం మీద నుంచి దించిన లుంగీ తాను మా ఇంట్లో ఉండాది. ఇంకా కత్తిరించలేదు."

"ద్రౌపదికి గళ్ల లుంగీనా? పాపం తగలదా?" అని మునిరత్నం చెంపలు వేసుకున్నాడు.

"గుడియాత్తం భక్తురాలికి సామి కంచిపట్టు ఇస్తాడా? మన ఊరి సరుకే ఇస్తాడు."

"పాత చీరలు కలిపి కుట్టేస్తే పోలా?"

"భగవంతుడి దయకు కుట్లు ఉండవురా!"

ఆ మాట నాకే ఎంతగా నచ్చిందంటే, రెండుసార్లు అన్నాను.

"సరేప్పా. అయినా కృష్ణుడు ఆ సభలోనే లేడు కదా? యాడనో ఉండి కాపాడినాడు. ఆయన వేషం దేనికి?" అన్నాడు మునిరత్నం.

నిజమే. శాస్త్రం వాడి వైపే ఉంది. కానీ శాస్త్రం కోసం నేను కిరీటం వదులుకోగలనా?

"జనానికి అర్థం కావద్దా?" అని కసిరాను.

ఊరేగింపు రోజు ట్రాక్టరు ట్రెయిలర్‌లో ఎత్తుగా వేసిన బల్ల మీద నేను, కింద ద్రౌపది, ట్రెయిలర్ వెనక నేల మీద దుశ్శాసనుడు. మునిరత్నం చొక్కా ప్యాంటు మీద వాళ్లమ్మ చీర చుట్టుకుని, పిన్నులు పెట్టుకున్నాడు. లుంగీ తాను నా వెనక గంపలో ఉంది. అది నా అభయహస్తం మీదుగా జారి, ద్రౌపది భుజం చుట్టి, బాలాజీ చేతికి పోవాలి. సగం తాను అయ్యేసరికి వాడు అలిసి కూలిపోవాలి. నీలిరంగు తక్కువపడి నడుం దాకానే పూశారు. పట్టుపంచె ఉంది కదా, కింద ఎవరు చూస్తారు?

బండి కదలగానే గాలి లేచింది. గంప అంచున వేలాడుతున్న తాను వెనక కొస ఎగిరింది. మగ్గం వాడికి బట్ట కొస వదులుగా కనబడితే చెయ్యి ఊరుకోదు. దగ్గరలో గట్టిగా ఏది ఉంటే దానికి ముడి వేసేస్తుంది. ఆ రోజు బల్ల మీద గట్టిగా ఉన్నది నా నడుమొక్కటే. పంచె మీదుగా చుట్టి బిగించాను. మా ముడి లాగేకొద్దీ బిగుస్తుంది. ఆ విద్యకు అంతకుముందు ఎంతో గర్వపడేవాణ్ణి.

బజారు మలుపులో ఆట మొదలైంది. బాలాజీ లాగాడు. జనం ఈలలు వేశారు. "ఇళుడా మచ్చా, ఇళు!" అని కుర్రకారు అరవంలో అరిచింది. లాగరా అంటే మూటలు మోసే చేతులకు ఉత్సాహం రాదా? సగం తాను అయింది. మనిషి కూలలేదు.

"రేయ్ బాలాజీ, పడిపోరా!" అన్నాను, చిరునవ్వు చెదరకుండా.

"ఉండప్పా! మా వేలూరోళ్లు వీడియో తీస్తా ఉండారు!"

"తాను అయిపోతా ఉండాదిరా!"

"దేవుడివి కదా, ఇంకా ఇయ్యి!"

గంప అడుగు కనబడింది. ఆపదలో అలవాటుగా "కృష్ణా!" అని పిలవబోయి ఆగిపోయాను. ఆ శాఖ ఆ పూట నా దగ్గరే ఉంది.

చివరి గుంజుడు వచ్చింది. వైకుంఠవాసుడు బల్ల మీద నుంచి లేచి, ద్రౌపది పాదాల దగ్గర లుంగీ కుప్పలో బోర్లా పడ్డాడు. ముడి నడుమును వదిలింది కానీ పంచెను వదల్లేదు. పంచెతో సహా దుశ్శాసనుడి దగ్గరకు పోయింది. వాడు సంగతి తెలియక దాన్ని జెండాలా ఊపాడు. నేను లేచి నిలబడ్డాను. నడుం పైన వైకుంఠం, నడుం కింద చారల నిక్కరు, గుడియాత్తం కాళ్లు.

మేళం ఆగిపోయింది.

"అయ్యో, సామికి సలి పెడతాదే!" అంది ఒక ముసలమ్మ.

అప్పుడు ద్రౌపది పిన్నులు పీకి, తన చీర విప్పి నాకు చుట్టబెట్టింది. చొక్కా ప్యాంటుతో నిలబడిన మునిరత్నం జనం వైపు చేతులెత్తాడు.

"అమ్మా! నాయనా! ఎప్పుడూ సామే మనకు ఇచ్చేదా? ఈపొద్దు సామే మన దగ్గరికి చెయ్యి చాపి వచ్చినాడు. లేదని అంటామా?"

బజారంతా "గోవిందా!" అని దద్దరిల్లింది. వ్యాసులవారు రాయని పర్వానికి నవ్వినవాళ్లే దండం పెట్టారు. చీర కట్టిన కృష్ణుడిగా నేను మిగతా మూడు వీధులు తిరిగాను, రెండు చోట్ల హారతి కూడా ఇచ్చారు.

సాయంత్రం తాత మందిరంలో నా కోసం కాచుకుని ఉన్నాడు.

"బండి బాగా జరిగింది నాయనా. పీట ఇచ్చేస్తా."

నా కళ్లు మెరిశాయి. "ఏకాదశికి వచ్చేదా తాతా?"

"ముందుగానే రా. మునిరత్నానికి పీట వేసేది ఎవురు మరి?"

కనుక, ఈ అక్షరాలు చదివే సజ్జనులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పీటలు వేస్తాను, తాళం కొడతాను, పురాణం చెప్పేవాడికి మంచినీళ్లు అందిస్తాను. ఈ జన్మలో మళ్లీ దేవుడి వేషం కట్టను. తప్పనిసరై కట్టవలసి వస్తే మత్స్యావతారం కడతాను. చేపకు పంచె ఉండదు.