నాన్న పుస్తకాల్లో నీలమ్మ

ఇవాళ ఆదోనిలో పాత పుస్తకాల బండి మీద నాన్న రాసిన నవల కనిపించింది. తెరిస్తే మా ఇంటి పుస్తకాల బీరువాలో వచ్చే అదే కలరా ఉండల వాసన.

ఎమ్మిగనూరు బడి నేస్తాలూ, గుర్తుందా? నాన్న పిల్లల కథల్లో, నాటకంలో, డిటెక్టివ్ నవలలో, అన్నింట్లో నీలమ్మే. నా పేరే కదా అని మీరు ఏడిపిస్తే మురిసిపోయేదాన్ని.

కొత్త పుస్తకం రాగానే చదువురాని అమ్మ దానికి కుంకుమ బొట్టు పెట్టి నా చేతికిచ్చేది. "నీలమ్మ ఎంత పెద్దదయినాదో సదువు పాపా." నన్నెప్పుడూ పాపా అనే పిలిచేది.

ఏ పుస్తకంలోనైనా నీలమ్మ నాకంటే పెద్దదే. ఎందుకో తర్వాత తెలిసింది. నేను పుట్టకముందే పోయిన అక్క పేరది. పోయిన బిడ్డ పేరు తర్వాతి బిడ్డకు పెట్టడం మనవైపు మామూలే.

బండి దగ్గరే నిలబడి నవలంతా తిరగేశాను. నీలమ్మకు చెల్లెలు లేదు.