వెనక నడిచి జై కొట్టించిన మామ

యాకుత్‌పురాలో మా పక్కింటి మామ మొన్న మంగళవారం పోయారు. కబురు తెలియగానే మా అమ్మ "మా అన్న పోయిండా!" అని గోడకు చేరగిలబడి భోరుమంది. తోడబుట్టినవాడు కాడు. అయినా అన్నే. ఎందుకో చెప్తాను.

మామ రైల్వేలో గ్యాంగ్‌మన్. రైలు పట్టా జరపాలంటే ఒకరు అరవాలి, ఆ అరుపు మీదే అందరూ ఒక్కసారిగా బలం పెట్టాలి. ఆ అరిచేది మామే. అబ్బ, ఏం గొంతు! ఆయన వాళ్లింట్లో చాయ్ అడిగితే మా ఇంట్లో స్టవ్ వెలిగించేవాళ్లం. ఏటా శ్రావణంలో మా గల్లీ వాళ్లను బెజవాడ దుర్గమ్మ కొండకు తీసుకెళ్లి జై కొట్టించేదీ ఆయనే.

ఇది పదేళ్ల పైమాట. ఆ ఏడు అమ్మకు కాలు విరిగి వంకరగా అతుక్కుంది. నడిచే కొండెక్కుతానని మొక్కుకుంది. నానమ్మ ఒప్పుకుంటేనా! కొండ కిందికి చేరగానే "నీతోని గాదు గని, సామాన్ల కాడ కూసో" అంది, అందరి ముందూ. అమ్మ ముఖం చిన్నబోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎప్పుడూ ముందు నడిచే మామ ఆ రోజు అందరికంటే వెనక్కి, అమ్మ పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ఇగో, ఇనుండ్రి! నేను పిలిస్తేనే జై అనాలె. జై అంటేనే మెట్టెక్కాలె. ఎవ్వలు ఉరుకొద్దు."

"దుర్గమ్మ తల్లికీ..."

"జై!"

అమ్మ కాలు మెట్టు మీద ఊనేదాకా ఇంకో పిలుపు లేదు. ఆయాసం తీరేదాకా ఆ పైది లేదు.

"ఏంది మామా, జల్ది పిలువు! ఎండ దంచుతుంది" అని పైనుంచి లొల్లి.

"ఫికర్ జెయ్యకుండ్రి. తల్లి యాడికి పోదు" అని మామ నవ్వేవారు. అమ్మతో మాత్రం మెల్లగా "నువ్వెట్ల నడిస్తే మేం గట్లనే నడుస్తం చెల్లే" అనేవారు.

సగం కొండలో అమ్మ చతికిలబడింది. "నాతోని గాదన్నా, మీరు పోండ్రి."

"పోతే అందరం పోతం. లేకుంటే ఈడనే కూసుంటం" అని మామ మెట్టు మీద కూర్చున్నారు. పైన ఒక్కొక్కరే కూర్చున్నారు. గొణుక్కుంటూ నానమ్మా కూర్చుంది. ఇంకేం, అమ్మ లేచింది! ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ నా గుండె ఉప్పొంగుతుంది.

ఆఖరి మెట్టు దగ్గర మామ పిలవలేదు. అందరూ అప్పటికే పైన ఉన్నారు. అమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"నువ్వే పిలువు చెల్లే" అన్నారు మామ.

గుళ్లో కూడా పెదవులు మాత్రమే కదిపే మా అమ్మ, "దుర్గమ్మ తల్లికీ!" అని కొండ దద్దరిల్లేలా అరిచింది.

"జై!" అని వెనక నుంచి మామ గొంతు.

పైనుంచి నానమ్మ వంగి చెయ్యి అందించింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకోకుండానే ఎక్కేసింది.