వదిన నా చేతికిచ్చిన కుబుసం

కిందటి వారం మా అమ్మాయి కూతురు సైబర్‌జయలో తానుండే ఫ్లాటుకు నన్ను తీసుకెళ్ళి, గాజుపెట్టెలో పెంచుకుంటున్న పామును చూపించింది. రెండు మూరల కొండచిలువ. దానికో అనుమతి కాగితం, దానికో వెచ్చటి దీపం, దానికో డాక్టరు! ముచ్చటపడి వంగి చూద్దును కదా, దాని కళ్ళ మీద పాలపొర కమ్మినట్టుంది. అయ్యో దీని కళ్ళు పోయాయే, కడుపుతో ఉన్నదెవరో చూసి ఉంటారని గట్టిగా అనేశాను. మనవరాలు పొట్ట పట్టుకుని నవ్వింది.

"కళ్ళు పోలేదు అమ్మమ్మా, స్కిన్ మారుస్తాది లా. వన్ వీక్, అంతే," అంది, ఇక్కడి పిల్లల అలవాటుగా మాట చివర మలాయ్ 'లా' తగిలిస్తూ.

నేను నవ్వలేకపోయాను.

మలేసియా ఎస్టేటు లైన్లలో, ఆ కూలీల వరస ఇళ్ళలో పుట్టి పెరిగిన నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. కడుపుతో ఉన్న మనిషి చూపు పడితే పాముకు కళ్ళు పోతాయని మన ఇళ్ళలో ఎంత గట్టిగా నమ్మేవారో మీకూ తెలుసు. బాగన్ దాతుక్ దగ్గర మా ఎస్టేటులో ఆడవాళ్ళకు వేవిళ్ళు మొదలైతే పుట్టవైపు వెళ్ళనిచ్చేవారు కారు. అది పాము మీద జాలో, మనిషి మీద భయమో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ఆయిల్‌పామ్ నర్సరీలో మొక్కలకు నీళ్ళు పట్టే పని. ఎలుకలు రాకుండా మడుల చుట్టూ నైలాన్ వల కట్టేవారు. ఒకరోజు పొద్దున్నే వెళ్ళేసరికి ఆ వలలో ఒక కొండచిలువ పిల్ల చిక్కుకుని, విడిపించుకోవాలని గింజుకుని గింజుకుని మెడ దగ్గర చర్మం చీరుకుపోయి, ఇక చాలన్నట్టు పడి ఉంది. మాతో పని చేయించే కంగాణీ కత్తి తెమ్మన్నాడు. నేను కత్తెర తెచ్చాను. నర్సరీలో నేను పెద్దల మాట వినకపోవడం అదే మొదలు, దాదాపు అదే ఆఖరు కూడా. వల కత్తిరించి, గోనెసంచిలో వేసుకుని, ఇంటికి తెచ్చేశాను.

పామును పెంచడమంటే ఏమిటో నాకు తెలిస్తే కదా! మా అమ్మ నాగుల చవితి భక్తురాలు కాబట్టి కొట్టలేదు, పొమ్మననూ లేదు, గిన్నెతో పాలు మాత్రం తెచ్చి ముందు పెట్టింది. రెండు రోజులు పాలు విరిగిపోయాయి గానీ పాము మూతి కూడా తడపలేదు. పుండుకు పసుపూ కొబ్బరినూనే రాశాను. చలి వేస్తుందేమోనని ఎండలో పెట్టి, నోరు తెరిచి ఆయాసపడుతుంటే హడలిపోయి నీడకు మార్చాను. నాకు తెలియక చేసినవన్నీ తట్టుకుని అది ఎలా బతికిందో ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆ రోజుల్లో నాకు తోడు నిలబడింది ఒక్క మా వదినే, మా పెద్దన్నయ్య భార్య. పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లల్లేక, ప్రతి నాగుల చవితికీ ఉపవాసముండి, లైన్ల వెనక పుట్టలో పాలు పోసి, పుట్టమన్ను చెవులకు పెట్టుకునే మనిషి. పేము బుట్ట వెతికి తెచ్చింది ఆవిడే, మూత మీద రాయి పెట్టింది ఆవిడే. పాము పాలు తాగదేమో, ఎలుక కావాలేమోనని మొదట అన్నదీ, వంటింట్లో బోను పెట్టి ఎలుకను పట్టిందీ ఆవిడే. నెల దాటాక ఒక సాయంత్రం అది అలా పట్టిన ఒక ఎలుకను మింగింది. మేమిద్దరం బుట్ట పక్కన చతికిలబడి, చంటిపిల్ల మొదటి ముద్ద తిన్నంత సంబరపడ్డాం. పుండు పూర్తిగా మానగానే ఇద్దరం కలిసి కాలవ అవతలి పొదల్లో వదలాలని అనుకున్నాం. నాకు అక్కచెల్లెళ్ళు లేరు. ఆ లోటు వదినే తీర్చిందని ఊరంతా చెప్పుకునేదాన్ని.

పుండు మానుతూండగా ఒకరోజు పాము ఒళ్ళు మాసిపోయినట్టయింది. తిండి మానేసింది. మర్నాటికి కళ్ళమీద తెల్లగా పొర కమ్మింది. మా అమ్మ వచ్చి చూసి, పాము సంగతి పక్కనపెట్టి వదినవైపు తిరిగింది.

"ఏటే, నెల తప్పినాదా నీకు?"

తప్పింది. వదిన ఎవరికీ చెప్పుకోలేదంతే. ఆరేళ్ళ మొక్కు పండిందని ఇంట్లో ఒకటే సందడి. ఆ సందడిలో నేనొక్కదాన్నే బుట్ట దగ్గర కూర్చుని ఏడ్చాను. నందివర్ధనం పూలు నలిపి ఆ రసం దాని కళ్ళల్లో పిండాను. అంతకన్నా నాకేం తెలుసు?

ఆ వారమే కువాలా సెలంగోర్‌లో మా పిన్ని కూతురి పెళ్ళి. మూడు రోజులు. కొత్తగా కడుపుతో ఉంది కాబట్టి వదిన ప్రయాణం కట్టలేదు, ఆమెకు తోడుగా అన్నయ్య ఉండిపోయాడు. నేను వెళ్ళనని మొండికేస్తే వదిన నా చేతిలో చెయ్యేసి, నువ్వొచ్చేదాకా దీన్ని కంటికి రెప్పలా చూసుకుంటానని మాటిచ్చింది. ఆ మాట మీద బస్సెక్కాను.

తిరిగొచ్చేసరికి బుట్ట ఖాళీ. వదిన నవ్వుమొహంతో ఎదురొచ్చి, కాగితంలో మడిచిన కుబుసం నా చేతిలో పెట్టింది. నాగన్న కుబుసం విడిచాడట, కళ్ళొచ్చాయట, తనంతట తానే వెళ్ళిపోయాడట. ఇంత సన్నగా ఉందేమని అడిగితే, ఎండి ముడుచుకుపోయిందని చెప్పింది. ఎలా వెళ్ళిందో చెప్పమని పట్టుబట్టాను. గుమ్మం దగ్గర ఆగి, తలెత్తి, నేను పడుకునే గదివైపు ఒక్కసారి చూసి వెళ్ళిందని చెప్పింది.

ఆ తరవాత బిడ్డ పుడితే, నాగేంద్రుడు దీవించి వెళ్ళాడు కదా అని, మేనత్తను కాబట్టి నేనే ఆ పేరు వాడి చెవిలో మూడుసార్లు చెప్పాను. కుబుసాన్ని పసుపుగుడ్డలో చుట్టి దేవుడి పెట్టెలో దాచుకున్నాను. పెళ్ళయి క్లాంగ్ వచ్చినా ఆ పెట్టె నాతోనే వచ్చింది. నా పిల్లలకూ, తరవాత ఈ మనవరాలికీ, తిరిగి చూసిన పాము కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఈ పిల్ల పామును తెచ్చి పెంచుకోవడానికి ఆ కథే కారణమని అదే నాతో చెప్పింది.

అందుకే మర్నాడు మనవరాలు నన్ను క్లాంగ్‌లో దింపడానికి వచ్చినప్పుడు ముచ్చటగా పెట్టె తెరిచి కుబుసం చూపించాను. పిల్ల దాన్ని బల్లమీద జాగ్రత్తగా పరిచి, కడుపువైపు తిప్పి, చాలాసేపు చూసింది. కొండచిలువకైతే కడుపు కింది పొలుసులు సన్నటి పట్టీలా ఉంటాయట. దీనికి అడ్డంగా ఈ అంచునుంచి ఆ అంచుదాకా వెడల్పుగా ఉన్నాయి. "ఇది వేరే పాముది అమ్మమ్మా, పైతాన్‌ది కాదు లా," అంది. ఏం చేసిందో దానికి తెలియదు, పాపం. ఫోనులో ఏదో బొమ్మ చూపిస్తూనే ఉంది.

వదిన ఇప్పుడు బాగన్ దాతుక్‌లో కొడుకు దగ్గరే ఉంటోంది. అన్నయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఆ సాయంత్రమే ఫోను చేసి అడిగాను. ఇన్నేళ్ళ తరవాత ఆ పాము గోల ఏటని మొదట విసుక్కుంది. నేను వదలకపోయేసరికి నెమ్మదిగా చెప్పింది.

"గుడ్డిపాము మనింట సస్తే ఆ పాపం కడుపులో బిడ్డకి కొడతాదని బయపడినాను అమ్మీ. తోలు కోసం తిరిగేవోడు వచ్చినాడు. మీ అన్నయ్య ఇవ్వనన్నాడు. నానే ఇచ్చీమన్నాను."

మరి కుబుసం? దొడ్డి వెనక దొరికిందట. నేనేడుస్తానని తెచ్చి పెట్టిందట. దాని తోలు వాడు పట్టుకుపోతే, ఇంకెవరిదో కుబుసం నేను దేవుడి పెట్టెలో పెట్టుకుని ఇన్నేళ్ళూ దణ్ణం పెట్టుకున్నాను. ఆఖరికి, మరి అది ఆగి నా గదివైపు చూసిందని చెప్పావే అని అడిగాను.

"నువ్వడిగినావు. ఏటో ఒకటి సెప్పాలి గదా."

దాని కళ్ళు పోలేదు వదినా, నాలుగు రోజులు ఆగితే కుబుసం విడిచేసేది అన్నాను. అనకుండా ఉండలేకపోయాను. వదిన ఫోను పెట్టేసింది. నాకేమీ తేలికపడలేదు.

ఈ కాలపు పిల్లలకు ఎవరి మాటా నమ్మాల్సిన అవసరం లేదు. పెట్టెలో వేడెంతుందో ఫోను చెబుతుంది, పాముకేమైందో డాక్టరు చెబుతాడు. మాకు అవేమీ లేవు, ఒకరి మాటే ఒకరికి ఆధారంగా ఉండేదని వీళ్ళ దగ్గర ఎన్నిసార్లు గొప్పలు పోయానో! తలుచుకుంటే సిగ్గేస్తోంది. వదిన భయం నాకు అర్థం కాకపోలేదు. ఆరేళ్ళు ఎదురుచూసిన మనిషి. పామును ఇచ్చేసినందుకు ఎప్పటికైనా క్షమిస్తానేమో.

ఎల్లుండి నాగుల చవితి. ఏటా మేనల్లుడు కారు తెచ్చి నన్ను తీసుకెళతాడు, వదినా నేనూ కలిసే పుట్టలో పాలు పోస్తాం. నిన్న వాడు ఫోను చేస్తే మోకాళ్ళ నొప్పులని చెప్పాను. వాడు నమ్మాడు.

మనవరాలి పాము మొన్న కుబుసం విడిచిందట. కళ్ళు తేటపడ్డాయట. నాకు ఫోటో పంపింది. ఆ కళ్ళను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఆ తోలువాడు సంచిలో వేసి కట్టేసేటప్పుడు నా పాముకు ఇంకా పొర విడలేదు. దానికి నా గది కాదు కదా, గుమ్మం కూడా కనబడి ఉండదు.