అత్తల దినం

నా నోట్ల నువ్వుగింజ నానదని మా సెంటర్‌ల అందరికి ఎరుకే. అందుకే అక్క నన్ను మీటింగులకు తోల్కపోయేటప్పుడు ముందే చెప్తుండె, "నువ్వు కాయితాలు అందియ్యి సాలు, మాట నేను మాట్లాడుత" అని. అక్క అంటే నా సొంతక్క కాదు. కరీంనగర్‌ల ఆడోళ్లకు కుట్టుమిషన్ల పని నేర్పే చిన్న సంస్థ ఆమెది. నేను అండ్ల లెక్కలు రాస్త, టెండర్లు నింపుత. సర్కారు పైసలతోని నడిచే శిక్షణలే మాకు దిక్కు. అవి ఎవ్వలూ పిలిచి ఇయ్యరు, పోటీవడి తెచ్చుకోవాలె.

ఆ యేడు మా కత మంచిగ లేకుండె. పాత బ్యాచీలు అయిపోయినయి, కొత్త ఆర్డర్ రాలే. మా సెంటర్ నడిచే షెడ్డు ఓనరు వచ్చి, మొబైల్ షోరూమోళ్లు ఆ జాగ అడుగుతున్నరని చెప్పిండు. గప్పుడే ఆదిలాబాద్ జిల్లా ఆడోళ్లకు మోటరు మిషన్ల మీద కుట్టుడు నేర్పి, బట్టల కంపెనీలల్ల కొలువు చూపెట్టాలని టెండర్ వడ్డది. "అది వస్తే ఉండుర్రి, రాకుంటే ఖాళీ జెయ్యుర్రి" అన్నడు ఓనరు. అక్క సరే అన్నది. నాకైతే ఆ రాత్రి నిద్ర రాలే.

అక్కకు ఒక అలవాటుండె. ఏ బ్యాచి మొదలైనా మొదటిరోజు పాఠం చెప్పది. ఆ రోజు కోడళ్లు కాదు, అత్తలు రావాలె. అమ్మాయికి పెండ్లి కాకపోతే అవ్వ రావాలె. అత్తల దినం అని దానికి మేం పేరు వెట్టుకున్నం. వచ్చినోళ్లకు చాయ్, మిర్చి బజ్జీలు. తర్వాత ఒక్కొక్కర్ని మిషన్ మీద కూసోవెట్టి, కాలు కింద పెడల్ తొక్కిచ్చి, చేతి కింద బట్ట ఉరుకుతుంటే చూపిచ్చేది. ముసలోళ్లు "ఓ యవ్వో!" అనుకుంట నవ్వుతుంటే, నేను పక్కపొంటి నిలవడి తెగిపోయిన దారాలు చూసి పండ్లు కొరుక్కుంటుంటి. దారం ఊకెనే వస్తదా?

"గీ నాటకమెందుకక్కా, పిల్లలకు పని నేర్పితే సాలదా?" అని ఒకపారి అడిగిన.

అప్పుడు చెప్పింది. పెండ్లైన కొత్తల ఆమెకు గూడ బట్టల షెడ్డుల పని దొరికిందట. నాల్గొద్దులు పోంగనే వాళ్లత్త, "నువ్వు పోతే పొయ్యెవలు ముట్టిస్తరు?" అన్నదట. గంతే, ఆ కొలువు ఆడికే ఆగింది. "పని నేర్పుడు అల్కటి ముచ్చట. ఇంటి గడప దాటిచ్చుడే కష్టం. ఇంట గెలిచినంకనే రచ్చ గెలువాలె" అన్నది అక్క. ఆ మాట అన్నప్పుడు ఆమె మొకం జూసి నేను దారాల ముచ్చట మళ్ల ఎత్తలే.

ఈ టెండర్ల సంగతి ఏందంటే, ఒక్కో మనిషికి గింతని రేటు సర్కారే కట్టేస్తది. తక్కువకు జేస్తమని గెలువనీకి రాదు. మార్కులే గెలిపిస్తయి. చేసిన పనికి గన్ని, బిల్డింగుకు గన్ని, చూపెట్టిన కొలువులకు గన్ని. వాటికంటె ముందు, యేడాదికి గింత పైసల పని చేసి ఉండాలెనని, టర్నోవర్ అని ఒక గడప ఉంటది. మా సంస్థ ఆ గడప ఎక్కేంత పెద్దది కాదు. "ఇగ ఇడిసిపెడుదాం" అన్న నేను. అక్క ఇనలే. రెండు మూడు సంస్థలు కలిసి వెయ్యొచ్చని లోపలి పేజీల ఉన్న షరతు సదివి, తెల్లారి నన్ను ఆదిలాబాద్ బస్సెక్కిచ్చింది.

ఎవలింటికనుకున్నరు? కిందటిపారి మా నోటికాడి ఆర్డర్ తన్నుకపోయిన సంస్థ సార్ ఇంటికి! నా కడుపు మండిపోయింది. అక్క మాత్రం మేనమామ ఇంటికి పోయినట్టు పోయి కూసున్నది. "సార్, మీకు ఊర్లు ఎరుక, మరాఠీ వస్తది, గోండి వస్తది. మాకు మిషన్లు ఎరుక. మనం మనం కొట్లాడుకుంటే పట్నం నుంచి వచ్చే పెద్ద కంపెనీ ఎత్తుకపోతది" అన్నది. సార్ జరసేపు మీసం దువ్వుకొని, లోపలికి చూసి, "ఇంకో నాలుగు జొన్నరొట్టెలు ఎక్కువ చెయ్యి" అని ఇంటామెకు చెప్పిండు. పొత్తు గట్ల కలిసింది. రొట్టెలు మంచిగున్నయి, అందుకే నేను గూడ మాఫ్ జేసిన.

టెండర్ వేసే ముందు సర్కారోళ్లు ఒక మీటింగు వెడ్తరు, అనుమానాలుంటే అడుగుమని. అందరు బిల్డింగు కొలతలు, బిల్లుల ముచ్చట అడిగిన్రు. అక్క లేసి, "కొలువు దొరికినోళ్లకు మార్కులున్నయి సార్. ఆ కొలువుల నిలిచినోళ్లకు లెవ్వు. దొరుకుడు వేరే, నిలుచుడు వేరే" అన్నది. కమిటీ పెద్దసారు తలెత్తి చూసిండు, రాసుకున్నడు. తర్వాత వచ్చిన సవరణల ఆ మార్కులు పెట్టిన్రు. పాత బ్యాచీలోళ్లకు ఫోన్ చేసి కనుక్కుంటమని గూడ రాసిన్రు. శభాష్ అక్కా అనుకున్న. మా పాత పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు నేనే టైపు జేసి ఇచ్చిన.

కమిటీ ముంగట మాట్లాడే రోజు ఆదిలాబాద్ కలెక్టరేటుకు పోయినం. తొవ్వ పొడుగూత పత్తి బండ్లే. పట్నం కంపెనీవాళ్లు కోట్లేసుకొని వచ్చిన్రు, గోడ మీద రంగురంగుల బొమ్మలు చూపెట్టిన్రు. వాళ్ల మాటలైనంక పెద్దసారు వాళ్ల లిస్టుల ఒక నంబరుకు స్పీకర్ పెట్టి ఫోన్ గొట్టిండు. ఒక అమ్మాయి ఎత్తింది.

"ఎక్కడున్నవమ్మా?"

"ఇంట్లనే ఉన్న సార్."

"కొలువు?"

"ఎప్పుడో బంద్ జేసిన సార్."

ఇంకో నంబరు కొట్టిండు. ఆ అమ్మాయిదీ గదే మాట. పైన పటారం, లోన లొటారం! నాకు లోపల్లోపల లడ్డూ తిన్నట్టయింది. గని మా వంతు రాంగనే నెత్తిమీద పిడుగు వడ్డది. మా పిల్లలు చానామంది ఇండ్లల్ల ఒక్కటే ఫోను, అది ఇంట్లనే ఉంటది. పిల్ల క్లాసుకు రాకుంటే అడగనీకని ఆ ఇంటి నంబర్లే రాసుకున్నం. లిస్టుల నేను గవే టైపు జేసిన. వామ్మో, పట్టపగలు పిల్ల ఏడ దొరుకుతది? ఎవలెత్తుతరు, ఏమంటరు?

ఫోన్ మోగింది. "ఎవలు?" అని బొంగురు గొంతు. వెనకనుంచి బట్ట నేసే సాంచెల చప్పుడు. నాకు ఎంటనే గుర్తువచ్చింది. నేతోళ్ల వాడకట్టు అత్త! అత్తల దినం నాడు చాయ్‌ల శక్కెర తక్కువైందని నాతోని లొల్లి వెట్టుకున్న మనిషి. అక్క దిక్కు చూసిన. ఆమె కండ్లు మూసుకున్నది.

"అమ్మా, మీ కోడలికి జర ఫోనియ్యుండి" అన్నడు సారు.

"ఈ యాళ్ల కోడలు ఇంట్లెందుకుంటది? పనికి వోయింది."

"రోజూ పోతదా?"

"పోకపోతే నేనూకుంటనా? పొద్దుగాల సద్ది నేనే కడ్త, పిల్లగాన్ని నేనే చూస్త. మొన్న వానకు పోనన్నది. గొడుగు చేతిల వెట్టి తోలిన. మిషన్ మీద నేను గూడ కూసున్నగద, అది ఉత్త పని గాదు! మీరెవలో గని, పొయ్యి మీద కూర మాడుతుంది, పొద్దుమీకినంక చెయ్యుర్రి."

ఫోన్ పెట్టేసింది. పెద్దసారే ముందు నవ్విండు. ఇంకో రెండు నంబర్లు గూడ కొట్టిండు. ఒక దగ్గర అత్తే, ఇంకో దగ్గర మామ. పిల్లలు మాత్రం పనుల మీదనే ఉన్నరు.

"ఈ అత్తలను ఎట్ల మార్చిన్రమ్మా?" అని అడిగిండు సారు.

"మార్చలే సార్. పిలిచినం" అన్నది అక్క.

ఆర్డర్ మాకే వచ్చింది. షోరూమోళ్లు వేరే షెడ్డు చూసుకున్నరు. ఏమన్న తెలివా ఆమెది! గంత పెద్ద కంపెనీని కొట్టిందని ఇప్పటికీ నేను పదిమందికి చెప్పుకుంట తిరుగుత.

ఆదిలాబాద్ సెంటర్ల మొదటి అత్తల దినానికి అక్క ఆ నేతోళ్ల అత్తను గూడ తోల్కపోయింది. ముంగట కుర్చీల కూసోవెట్టి శాలువా కప్పింది. ఆమె లేసి నిలవడి, కొత్త అత్తల దిక్కు చూసి, "ఈడ చాయ్‌ల శక్కెర తక్కువనే ఉంటది, ముందే చెప్తున్న. గని పిల్లలను ఆపకుర్రి. పోనియ్యుర్రి. బువ్వ వండుడు మనకు కొత్తనా?" అన్నది. మాతోని పొత్తు కలిసిన ఆదిలాబాద్ సార్ అదే మాట మరాఠీల చెప్పిండు, గోండిల చెప్పిండు. రెండుపార్లూ అత్తలు నవ్విన్రు.

అక్క నవ్వలే. నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. "గీ ఒక్క మాట మా అత్త అన్నుంటే..." అని ఆపేసింది. కండ్లల్ల నీళ్లు తిరుగుతుంటే కొంగుతోని తుడుసుకున్నది. నేను లేసి పోయి చాయ్ గిన్నెల ఇంకింత శక్కెర ఏసిన.