స్కోపులో మూడో గీత

నా చిన్నప్పుడు మా చిన్నాయన షార్జాలో వేట సామాన్ల దుకాణంలో పనిచేసేవాడు. అక్కడి రోలా పేటలో మేమున్న ఫ్లాటులో, హాలుకు ప్లైవుడ్ అడ్డం పెట్టి చేసిన అరగది ఆయనది. అమ్మకు క్లినిక్‌లో సాయంత్రం డ్యూటీ పడితే నన్ను ఆ దుకాణంలో దించి వెళ్ళేది. పదేళ్ళ ఆడపిల్లకు తుపాకుల దగ్గర ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. ఒంటరిగా ఇంట్లో పెట్టి తాళం వేయడం కంటే నయం, అంతే.

చిన్నాయన తుపాకీకి బిగించే స్కోపులు అమ్మేవాడు. అందులో కన్ను పెడితే దూరాన ఉన్నది దగ్గరికొస్తుంది. మధ్యలో గురి చూసే అడ్డగీత, నిలువుగీత, వాటి కింద మరికొన్ని చిన్న గీతలు. దూరం పెరిగేకొద్దీ గుండు కిందికి దిగుతుంది కాబట్టి, ఎంత దూరానికి ఏ గీత పెట్టాలో చూసుకోవాలి. అయితే కొన్ని స్కోపుల్లో బొమ్మను పెద్దది చేసినా చిన్నది చేసినా గీతలు మారవు. అలాంటివాటిలో ఆ కింది గీతలు, బొమ్మ పూర్తిగా పెద్దదైనప్పుడే సరైన గురి చూపిస్తాయి. ఈ ముచ్చట రోజంతా నిలబడి, వచ్చినవాళ్ళందరికీ చెప్పి చెప్పి ఆయన గొంతు బొంగురుపోయేది.

ఒకనాడు ఒక ముసలి అరబ్బు షేక్ స్కోపును గుడ్డలో చుట్టుకుని వచ్చాడు. వేరే దేశానికి వేటకు వెళ్ళాడట. దూరాన ఉన్న కొండగొర్రె మీద మూడో గీత పెట్టి కాల్చాడు. గుండు పైకి పోయి వీపుకు తగిలింది. అది కుంటుకుంటూ వెళ్ళిపోయింది, మూడు రోజులు వెతికినా దొరకలేదు. ఆయన అరవలేదు. దుకాణాల హిందీలో ఒక్కటే అడిగాడు, "నా కళ్ళు ఖలాసా, పనైపోయిందా? ఇక వేట మానెయ్యాలా?"

దుకాణం ముదీర్, అంటే చిన్నాయన పైనున్న మేనేజరు, వయసు మీద పడితే కళ్ళు అలాగే అవుతాయని తేలిగ్గా అనేశాడు. అనేసి చిన్నాయన వైపు గుడ్లురిమి చూశాడు. ఆ నెలలోనే చిన్నాయన వీసా అయిపోతోంది. కొత్త కాగితాల మీద సంతకం పెట్టాల్సింది ఆ ముదీరే. అది నాకు కూడా తెలుసు, ఇంట్లో రోజూ అదే మాట.

చిన్నాయన షేక్ వైపు తిరిగాడు. ఈద్ రద్దీలో ఆ స్కోపు అమ్మింది తానేనని, అలసటలో గీతల సంగతి చెప్పలేదని ఒప్పుకున్నాడు. ఆ స్కోపునే కౌంటరు మీద స్టాండుకు పెట్టి, ఎదురుగా ఉన్న టీకొట్టు బోర్డు వైపు తిప్పి నన్ను పిలిచాడు.

"నడిమి గీత బోర్డు మీద వెట్టు బిడ్డా. మూడో గీత ఏడ వడ్డది?"

బోర్డు కింది అంచు మీద అన్నాను. ఆయన బొమ్మను చిన్నది చేసి మళ్ళీ అడిగాడు. ఇప్పుడు అదే గీత కింద చాయ్ తాగుతున్న మనిషి నెత్తి మీద ఉంది. షేక్ కూడా వంగి చూశాడు. వేటనాడు తాను బొమ్మను పూర్తిగా పెద్దది చేయలేదని అన్నాడు.

అప్పుడు చిన్నాయన బొమ్మతోపాటే గీతలు కూడా పెరిగే రకం ఒకటి తీశాడు. అందులోనూ గీతలు తక్కువున్నదే తీశాడు. గీతలు ఎక్కువైతే మనసు వాటి మీదికి పోతుంది, జంతువు మీద ఉండదని చెప్పాడు. గురి మీద నమ్మకం లేనంత దూరానికి ఏ గీతా పనికిరాదని కూడా చెప్పాడు. ఆ పెద్దాయన అదే తీసుకుని, చిన్నాయన భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ముదీర్ సంతకం పెట్టాడు, కానీ చిన్నాయనను ఎక్కడో అబుదాబి దగ్గరి ముసఫ్ఫాలో ఉన్న గోడౌన్‌కు మార్చాడు. పెట్టెలు మోసే పని. నాకు చిన్నాయన మీదే కోపం వచ్చింది. కళ్ళ తప్పని ఊరుకుంటే ఎవరికి తెలిసేదని అడిగాను.

బట్టలు సర్దుతూ ఆయన నీరసంగా అన్నాడు, "నేను అలిసివొయ్యి ఒక్క మాట మింగిన. గొర్రె మూడు దినాలు కుంటింది."

ఇప్పుడు నేను నిజామాబాదులో మందుల దుకాణం చూసుకుంటున్నాను. రోజు చివర కాళ్ళు పీకుతుంటే, మందులు చేతిలో పెట్టి పంపేయాలనిపిస్తుంది. పంపేస్తాను కూడా. మందులు కొన్న మనిషి మెట్లు దిగేలోపు, నేను ఎన్నడూ చూడని ఆ గొర్రె కళ్ళముందు కుంటుతుంది. వెళ్ళే మనిషిని వెనక్కి పిలిచి, తిన్న తర్వాతే వేసుకోవాలని చెబుతాను.