గడ్డిదూడకు తలంటు

1955 జూలై 28, గురువారం, సాయంత్రం అయిదున్నర. మా పెరటి బావి పక్కన, గడ్డి కూరిన దూడతోలుకు కుంకుడురసంతో తలంటు పోయడం నేను మొదలుపెట్టింది అప్పుడే. ఆరు గంటలకని మా తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు. ఆరైతే గోడగడియారం ఆరు దెబ్బలు కొట్టాలి. అది ఒకటే కొట్టింది, నేను విన్నాను. అప్పటికి నాకు పదేళ్లు నిండి నాలుగు నెలలు.

మాది మద్రాసు పురసవాక్కంలో పెద్దవీధికి రెండో అడ్డసందు. నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో గుమాస్తా. పొద్దున ఆరున్నరకు కాఫీ తాగి బయలుదేరేవాడు. ఆ కాఫీకి పాలు ఇంటి ముందరికి నాలుగు కాళ్లమీద నడిచి వచ్చేవి. పక్కపేట చూలై నుంచి ఒక పాలమ్మ తన ఎర్రావును తోలుకుని వచ్చి, వాడుక ఇళ్ల ముందు ఒక్కొక్క చోట ఆపి, ఎవరి పాలు వాళ్ల కళ్లముందే పితికి పోసేది. వాడుక ఇళ్లు తొమ్మిది. పొద్దున మాది మొదటి ఇల్లు, సాయంత్రం ఆఖరి ఇల్లు. ఆవు పొద్దున మూడు పడులు, సాయంత్రం రెండు పడులు ఇచ్చేది. పడికి ఎనిమిది ఆళాక్కులు. అంటే పొద్దున ఇరవైనాలుగు, సాయంత్రం పదహారు. మా ఇంటికి పూటకు నాలుగు.

పితికే ముందు పాలమ్మ తన చెంబును బోర్లించి, రెండుసార్లు విదిలించి, మా అవ్వకు చూపించాలి. అవ్వ అరుగుమీద పీట వేసుకుని ఇందుకోసమే కూర్చునేది. చూపిస్తే చాలదు. చెంబులోకి చెయ్యి పెట్టి అడుగంతా తడిమేది.

"ఏమ్మే, తడి తగులుతా ఉండాదే?"

"అది నీ చేతి తడి పెద్దమ్మా. ఇప్పుడే గదా ముఖం కడుక్కున్నావు."

"గాజుల సందున నీళ్లేమన్నా దాచినావా?"

"గాజుల సందున దాచేంత నీళ్లు కార్పొరేషను కొళాయిలోనే రావడం లేదు. నేనేడ తెచ్చేది?"

ప్రతి పూటా ఇంచుమించు ఇవే మాటలు. ఏ పూటైనా అవ్వ అనుమానపడకపోతే పాలమ్మే అడిగేది, "ఏం పెద్దమ్మా, ఒంట్లో బాగలేదా?" అని.

ఇక గడ్డిదూడ సంగతి. ఆ ఏడు వేసవిలో ఎర్రావు దూడ పుట్టిన ఇరవైరెండో రోజున చచ్చిపోయింది. దూడ కనబడకపోతే ఆవు పాలు చేపదు, పొదుగులోనే బిగబట్టుకుంటుంది. అందుకని మద్రాసు పాలవాళ్లు చచ్చిన దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి, కాళ్లకు కర్రలు పెట్టి కుట్టించేవాళ్లు. దాన్ని చంకలో పెట్టుకుని ఆవుతోపాటు ఇల్లిల్లూ తిప్పేవాళ్లు. ఆవు ముందర పెడితే అది వాసన చూసి, నాకి, నాకి, చేపేది. మా పాలమ్మ దూడ కూడా అలాంటిదే. దానికి కళ్లు లేవు, కుడిచెవి సగమే ఉంది, కుట్లలోంచి గడ్డి తొంగిచూసేది. ఎర్రావు మాత్రం దాన్ని ఎంత ముద్దుగా నాకేదో! తిరుగుదారిలో పచ్చిగడ్డి మోపు నెత్తికెత్తుకోవాలి కాబట్టి పాలమ్మ దాన్ని రాత్రికి మా అరుగు బయటి గోడమేకుకు తగిలించి పోయేది. పొద్దున మళ్లీ మా ఇంటినుంచే కదా మొదలు.

దూడ దగ్గర వచ్చే వాసన సంగతి దాచలేను. మూడు నెలల ఎంగిలి, ఎండ, చెమట, తోలు. అవ్వ దాన్ని ఏనాడూ తాకలేదు. శుక్రవారం వరలక్ష్మీ వ్రతమనగా బుధవారం సాయంత్రం పేచీ మొదలైంది.

"ఎల్లుండి ఆ చచ్చిన తోలు నా గడప ముందర పెట్టినావంటే చూడు. ఆ కంపుకి లక్ష్మి వీధి మలుపులోనే తిరుక్కుని పోతాది."

"దూడ లేకుండా ఆవు ఎట్టా చేపుతాది పెద్దమ్మా? దూడ బదులు నువ్వొచ్చి నిలబడతావా ఈడ?"

"అయితే దానికి తలంటు పోసి తీసుకురా, పో!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. కుంకుడుకాయలు ఎన్ని కావాలా అని ఆలోచిస్తున్నాను.

పద్నాలుగు పట్టాయి. గురువారం సాయంత్రం పాలమ్మ వెళ్లిపోయాక, అమ్మా అవ్వా పూజగది కడుగుతుండగా, మేకునుంచి దూడను దించి, రొమ్ముకు అదిమి పట్టుకుని, పక్కసందులోంచి బావి దగ్గరికి మోసుకెళ్లాను. అది నేననుకున్నదానికంటే బరువు. దారిలో రెండుసార్లు ఆగి ఒళ్లో పెట్టుకోవలసి వచ్చింది. కొబ్బరిపీచుతో తోమాను. పదకొండు చేదల నీళ్లు పోశాను. పదకొండో చేదకు తేటనీళ్లు కారాయి. మేడమీదికి చేర్చి గాలికి పెట్టాను. రాత్రి భోజనాలకు ముందు వెళ్లి సాంబ్రాణి పొగ వేసి, ముఖానికి పసుపు రాసి, బొట్టు పెట్టాను. నా పచ్చచుక్కల పావడ మాత్రం దూడను మోసినందుకు భరించలేని కంపు కొట్టింది. అమ్మ చూస్తే అడుగుతుందని దాన్ని ఉండచుట్టి, ముందుగది కిటికీకింద ఉన్న నా పుస్తకాల తకరపెట్టె అడుగున పెట్టాను. పొద్దున అందరూ మెచ్చుకున్నాక తీసి ఉతుక్కోవచ్చనుకున్నాను.

శుక్రవారం అయిదూ ఇరవైకి పాలమ్మ వచ్చి మేకు చూసి "దూడేదీ?" అని కేక వేసింది. నేను మేడమీదనుంచి దూడను దించుకొచ్చి ఎర్రావు ముందర నిలబెట్టాను. పసుపు ముఖం, కుంకుమబొట్టు, ఇంకా తడారని ఒళ్లు. ఎర్రావు ముక్కు ముందుకు చాపింది. వాసన చూసింది. రెండుసార్లు తుమ్మి, మొహం పక్కకు తిప్పేసుకుంది.

నేనే పోశానని చెప్పి మెచ్చుకోలు అందుకుందామని తెరిచిన నోరు మూసుకున్నాను.

పాలమ్మ దూడను చూసింది, తర్వాత అవ్వను చూసింది. "పెద్దమ్మా! అన్నంతా చేసేసినావా!"

"నేనా? ఆ తోలుని నేను ముట్టుకుంటానా?"

"మరి పసుపెవరు రాసినారు? ఎర్రావే రాసుకున్నదా? వాసన పోతే ఆవుకి బిడ్డని ఎట్టా తెలస్తాది పెద్దమ్మా?"

"నా దేవుడి మీద ఒట్టే! నేను కాదు!"

వ్రతం రోజు అవ్వ అబద్ధమాడదని పాలమ్మకు తెలుసు. అయినా అవ్వను తప్ప ఇంకెవరినీ అనుమానించలేకపోయింది; నేను దూడను దించుకొచ్చింది కూడా అవ్వ చెప్తేనే అనుకుంది. ఆ పూట తొమ్మిది ఇళ్లకూ కలిపి అయిదు ఆళాక్కులు వచ్చాయి. మా ఇంటికి ఒకటి. అమ్మ రెండు కొబ్బరికాయలు తురిమి, పాలు తీసి పాయసం చేసింది. అది ఎంత బాగుందంటే నాన్న మూడుసార్లు వడ్డించుకున్నాడు. నేను నా గిన్నె తమ్ముడివైపు తోశాను.

ఆ సాయంత్రం నాలుగే. శనివారం పొద్దున మూడు. వీధివీధంతా వైద్యం మొదలుపెట్టింది. ఎదిరింటి తమిళ మామి ఉప్పునీళ్లు పుయ్యమంది. పూశారు. మూలింటి టీచరమ్మ బెల్లం పుయ్యమంది. ఒక అచ్చు బెల్లం కరిగించి పూశారు, చీమలు పట్టాయి, వాటిని దులపడానికి అరగంట పట్టింది. నాన్న వర్క్‌షాపునుంచి వచ్చి దూడను నాలుగు వైపులా తిరిగి చూసి, "ఏది మొరాయించినా మేం ముందు నూనె పూస్తాం" అన్నాడు.

"ఇది ఇంజనా నాయనా?" అంది పాలమ్మ. నవ్వుతూనే అంది గాని, చెంబు అంచును పట్టుకున్న వేళ్లు వదులు కాలేదు. ఆ సాయంత్రం వచ్చింది రెండు ఆళాక్కులు. రెండు ఇళ్లవాళ్లు అప్పటికే సైకిలుమీద క్యాను పాలు తెచ్చేవాడికి చెప్పుకున్నారు.

వెళ్లేముందు ఆమె అరుగుమీద కూలబడి అమ్మతో చెప్పింది: "పొదుగు గట్టిపడతా ఉండాదమ్మా. ఇంకో రెండు రోజులు ఇట్టా బిగబడితే ఎండిపోతాది. ఎండినదానికి దాణా ఏడనుంచి తెచ్చేది? రేపు సాయంత్రం పశువుల బేరగాడిని ఈడికే రమ్మన్నాను. వాడు పట్టుకుపోతే ఏడికి తోలతాడో నన్ను అడగబాక."

నేను తలుపు వెనక నిలబడి విన్నాను. వాడు ఎక్కడికి తోలుతాడో ఆమె చెప్పకుండానే నాకు తెలిసింది. నేనే చేశానని చెప్పినా దూడకు వాసన తిరిగిరాదు కదా, చెప్పి ఏం లాభం అని రాత్రంతా నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆదివారం పొద్దున రెండు ఆళాక్కులు. సాయంత్రం మిగతా ఇళ్ల దగ్గర చుక్క రాలేదు. నాలుగూ నలభైకి మా ఇంటి ముందరికి వచ్చారు. బేరగాడు అప్పటికే వచ్చి, గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, వక్కాకు నములుతూ ఆవు పళ్లు చూస్తున్నాడు. గడ్డిదూడ ఎదురుగా ఉంది. ఎర్రావు దానివంక చూడలేదు. మెడ చాచి, ముందుగది కిటికీ ఊచలకు ముక్కు ఆనించి, "అంబా" అని పెద్దగా అరిచింది.

"ఆకలి" అన్నాడు బేరగాడు.

"కుడితి తాగే గదా వచ్చింది" అంది పాలమ్మ.

ఆవు మళ్లీ అరిచింది. నాలుక బయటికి పెట్టి ఊచను నాకింది. ఆ కిటికీకింద ఏముందో ఆ వీధిలో నాకొక్కదానికే తెలుసు; ఆ మధ్యాహ్నమే పుస్తకం తీసుకుని పెట్టె మూత వెయ్యడం మరిచాను. నేను లోపలికి పరుగెత్తి తకరపెట్టెలోని పుస్తకాలన్నీ నేలమీద గుమ్మరించి, పావడ ఉండ తీసుకుని బయటికి వచ్చాను. విప్పగానే అమ్మ ముక్కు మూసుకుంది.

"నేనే తలంటు పోశాను," అన్నాను. "అవ్వ కాదు. మోసేటప్పుడు దీనికి అంటింది."

ఎర్రావు కిటికీ వదిలి నావైపు రెండడుగులు వేసింది. పాలమ్మ నా చేతిలోంచి పావడ లాక్కుని దూడకు చుట్టబోయింది. నాడా ముడి పడక జారిపోయింది. మళ్లీ చుట్టింది, మళ్లీ జారింది.

"పావడ నడుముకు కట్టాలే గాని మెడకు కడతారా? పక్కకు జరుగు," అంటూ అవ్వ అరుగు దిగింది. ఏనాడూ తాకని ఆ తోలును ఒళ్లోకి లాక్కుని, కుచ్చెళ్లు సర్ది, నడుముకు నాడా బిగించి ముడివేసింది. చుక్కల పావడ కట్టుకున్న దూడ ఎర్రావు ముందర నిలబడింది.

ఎర్రావు వాసన చూసింది. ఒకసారి నాకింది. ఇంకోసారి నాకింది. తర్వాత పావడను దూడ ఒంటిమీదనుంచి ఊడబెరుకుతుందా అన్నట్టు నాకడం మొదలుపెట్టింది. పాలమ్మ పొదుగు దగ్గర కూర్చుని చన్ను పట్టుకుంది. ఖాళీ చెంబులో మొదటి ధార చర్రుమంది.

"ఎన్నడీ ఇదు! పాప్పాకు తంగచ్చి పిరందిరుక్కా!" అని ఎదిరింటి మామి గుమ్మంలోంచి నవ్వింది, నాకు చెల్లెలు పుట్టిందా ఏమిటని. వీధి పిల్లలందరూ చేరారు. మా తమ్ముడు ఒకటే ఎగరడం.

బేరగాడు ఉమ్మేసి వచ్చి చెంబులోకి తొంగిచూశాడు. "ఎండిపోయిన ఆవన్నావే?"

"నువ్వొస్తావని తెలిసి భయపడి చేపింది. పో, పో."

"నేను ఆవును కొనడానికి వచ్చినా గాని, ఈడ దూడకు సీమంతం చేస్తా ఉండారు," అని వాడు గొడుగు తీసుకున్నాడు. ఇంత దూరం వచ్చినవాణ్ణి ఒట్టినే పంపకూడదని అమ్మ ఆ పాలతోనే కాఫీ పెట్టి ఇచ్చింది. తాగి, బాగుందని చెప్పి పోయాడు.

పాలమ్మ లేచి చెంగుతో మొహం తుడుచుకుని అవ్వవైపు తిరిగింది. "చెప్పినాను గదా పెద్దమ్మా, నువ్వేనని."

"నేనేడ చేసినానే?"

"నువ్వు చెప్పినావు, పాప చేసింది. నీ పని చేతులు మారింది, అంతే గదా."

పాలమ్మ నా తలమీద చెయ్యి పెట్టింది. ఆ చేతికి పాలు, నురుగు. నా పాపట తడిసింది. "ఇంకోసారి ఎవురికన్నా తలంటు పొయ్యాలంటే ముందు నన్ను అడుగు పాపా," అంది. పాల చెంబు పట్టుకుని మిగతా ఇళ్లకు వెనక్కి తిరిగింది. చంకలో పావడ కట్టిన దూడ. వీధి చివరిదాకా పిల్లలు వెంట వెళ్లారు. నేనూ వెళ్లాను.

సోమవారం పొద్దున ఇరవైనాలుగు ఆళాక్కులూ వచ్చాయి. ఎనిమిది రోజులు దూడ పావడతోనే తిరిగింది. తొమ్మిదోరోజు పావడ తీసి చూస్తే దూడకు తన వాసన తనకు వచ్చేసింది. ఎర్రావు ఆ తర్వాత మా వీధిలో ఇంకా మూడు ఈతలు పాలిచ్చింది, బతికిన దూడలతోనే.

ఆ మూడు రోజుల్లో పోయినవి ఇవి. పాలు, శుక్రవారం పొద్దున మొదలు ఆదివారం సాయంత్రం దాకా: రావలసినవి నూట ఇరవై ఆళాక్కులు, ఆఖరిపూట వచ్చిన పదమూడు కలుపుకుని వచ్చినవి ఇరవైతొమ్మిది, తగ్గినవి తొంభైఒకటి. అంటే పదకొండు పడుల మూడు ఆళాక్కులు. వాడుక ఇళ్లు రెండు పోయి ఒకటి తిరిగివచ్చింది కాబట్టి ఒకటి. బెల్లం అచ్చు ఒకటి. రెండుంబావు గజాల పావడ ఒకటి. ముందు కుచ్చెళ్లు మొత్తం ఆవు నాకి చింపింది, మిగిలినది పాలమ్మ చెంబు తుడుచుకోవడానికి తీసుకుంది. అవ్వ ఆదివారం రాత్రి చేసిన రెండో స్నానానికి బావినీళ్లు, ఆరు చేదలు.