డబ్బాలో నేను మార్చిన ముక్క

పోయిన మంగళవారం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి వస్తూ బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. మా ఆటో పక్కనే పాత సామాన్ల ట్రక్కు ఒకటి ఆగింది. తుప్పుపట్టిన ఫ్యాను రెక్కలు, విరిగిన కుర్చీలు, వాటి మధ్య వెల్లకిలా పడేసిన, లోహాన్ని తిప్పుతూ చెక్కే ఒక చిన్న లేత్ మిషను. బల్ల మీద పెట్టుకునేంతది. మాది కాదు లెండి, మాది బూడిద రంగుది, ఎప్పుడో ఊరు దాటిపోయింది. అయినా ముక్కని బిగించి పట్టే దాని చక్‌కి ఉన్న మూడు దవడలు కనపడేసరికి నా వేళ్లు వాటంతటవే ఒళ్లో దేన్నో బిగిస్తున్నట్టు తిరిగాయి. ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి ఒంట్లో బాగోలేదా అమ్మా అని అడిగేదాకా నేను ఏడుస్తున్న సంగతి నాకు తెలియలేదు. కళ్లలో మందు వేశారు నాయనా అని చెప్పి తప్పించుకున్నాను.

ఇంటికి వచ్చాక ఆలోచించాను. అతనికి చెప్పకపోతే పోనీ, మీకైనా చెప్పాలనిపించింది. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఒక్కొక్కరే రాలిపోతున్న వయసులో ఉన్నవాళ్లకి నా బాధ విడమరిచి చెప్పక్కర్లేదనుకుంటాను.

మాది బందరు వైపు నేతపని చేసుకునే కుటుంబం. మా ఇంట్లో కంటికన్నా వేలిని ఎక్కువ నమ్మేవాళ్లు. నాన్న చీకట్లో బట్టను వేళ్ల మధ్య నలిపి అది ఎన్నో నంబరు నూలో చెప్పేసేవాడు. ఆ వేళ్లు అన్నయ్యకి వచ్చాయి. నాకన్నా తొమ్మిదేళ్లు పెద్ద. గన్నవరంలో దిగే విమానాన్ని చిన్నప్పుడు ఎవరితోనో వెళ్లి చూసొచ్చాడట, అప్పటినుంచి ఆ చక్రాలు కడుపులోకి ఎలా ముడుచుకుంటాయన్నదే ధ్యాస. జీవితంలో ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు మా అన్నయ్య. ఎక్కాలని అడగనూ లేదు. అవి ఎలా చేశారన్నదే ఆయనకి కావలసింది.

పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ఇన్‌స్ట్రక్టరుగా చేరి పటమటలో కాపురం పెట్టాక, మద్రాసు వెళ్లి ఆ బూడిదరంగు లేత్ కొనుక్కొచ్చాడు. రైల్లో తన బెర్తు మీద దాన్ని దుప్పటి కప్పి పడుకోబెట్టి, తను కింద కూర్చుని వచ్చాడు. వదిన దాన్ని చూసి, నాకు సవతిని తెచ్చారు అని నవ్వింది. వెనక వరండాకి తడికలు కట్టించి దానికో గది ఇచ్చింది కూడా ఆవిడే.

ఆ రోజుల్లో బొమ్మ విమానాలు కట్టే పిచ్చివాళ్లు దేశంలో అక్కడక్కడా ఉండేవారు. పిల్లల బొమ్మలు కావు, అసలు విమానానికి అయిదో వంతో ఆరో వంతో ఉండి, చిన్న ఇంజనుతో నిజంగా ఎగిరేవి. కర్రా గుడ్డా ఎవరైనా సంపాదించుకోగలరు గాని, చక్రాల బొడ్లూ, కాళ్లూ, గోరంత సిలిండర్లూ బజారులో దొరికేవి కావు. ఒకరి నోట ఒకరు విని అన్నయ్యకి ఉత్తరాలు రాసేవారు, గ్రాఫు కాగితం మీద బొమ్మ గీసి పంపేవారు. నేను అప్పటికి లెక్కల టీచరుని, పెళ్లయి రెండు వీధుల అవతలే కాపురం. అంగుళాలని మిల్లీమీటర్లలోకి మార్చి కొలతలు కుదించి ఇవ్వడానికి సాయంత్రాలు వెళ్లేదాన్ని. ఆడపిల్లకి ఇదెందుకని అన్నయ్య ఒక్కనాడూ అనలేదు. ఒకరోజు లేచి తన స్టూలు నాకు ఇచ్చి, నా చేతిని పట్టుకుని హ్యాండిల్ మీద పెట్టాడు. "నొక్కకమ్మా. ఎంత తినాలో లోహమే చెబుతుంది, నువ్వు వింటూ ఉండు," అన్నాడు. అల్యూమినియం మీదనుంచి వెండి రిబ్బనులాగా తరుగు ఊడి వస్తుంటే, నూనె వాసన, మిషను సన్నటి రొద, పక్కన వదిన పెట్టిన టీ చల్లారిపోతూ... నా బతుకులో అంతకన్నా సుఖమైన సాయంత్రాలు లేవు. ఈ మాట విన్నా మా వారు కోపం తెచ్చుకోరు, ఆయనకీ తెలుసు.

ఇరవై ఏళ్లు అలా గడిచాయి. అన్నయ్యకి యాభై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు నేనే చూశాను. టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టాడు. అడిగితే చలి అన్నాడు, మే నెలలో.

ఉయ్యూరు దగ్గర ఒక పెద్దాయన ఉండేవారు, వైమానిక దళంలో విమానాలు బాగుచేసి రిటైరైన మనిషి. తాను కుర్రతనంలో పనిచేసిన పసుపుపచ్చ శిక్షణ విమానాన్ని, ఒకదాని మీద ఒకటి రెండు రెక్కలుండేదాన్ని, మూడేళ్లుగా ఇంట్లో బొమ్మగా కడుతున్నారు. లోహపు ముక్కలన్నీ అన్నయ్యే చేసి ఇస్తున్నాడు. ఒకసారి ఆయన ఒక చక్రం బొడ్డు వెనక్కి పట్టుకొచ్చి, ఏమీ అనుకోవద్దు మాస్టారూ, ఇది కాస్త గరుకుగా వచ్చింది అని ఎంతో మర్యాదగా అన్నారు. అన్నయ్య మొహం చూడలేకపోయాను. తరగతిలో అందరి ముందూ దెబ్బ తిన్న పిల్లవాడి మొహంలా అయిపోయింది.

ఇక చివరికి మిగిలింది ప్రొపెల్లర్ హబ్. అంటే ముందు తిరిగే రెక్కని ఇంజను ఇరుసుకి పట్టి ఉంచే ముక్క, బొటనవేలంత ఉంటుంది. అన్నయ్య దాన్ని చేసి, దూది చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. కూచిపూడి పక్కన వదిన పుట్టింట్లో పెళ్లికి ఇద్దరూ వెళ్లారు. సోమవారం పెద్దాయన వచ్చి తీసుకెళతారు, నువ్వు ఇచ్చెయ్యి అని తాళం నాకు ఇచ్చారు.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లి డబ్బా తెరిచాను. ముక్క మీద సన్నసన్నటి గీతలు, చెయ్యి వణికిన ప్రతిచోటా ఒక మెట్టు. కొలిచాను. లోపలి రంధ్రం, మర, అన్నీ సరిగ్గా ఉన్నాయి, వెంట్రుకవాసి తేడా లేదు. గట్టి ముక్కే, చూపుకే బాగోలేదు. కానీ నాకు పెద్దాయన మర్యాద మాట గుర్తొచ్చింది, అన్నయ్య మొహం గుర్తొచ్చింది. ఆ మొహం మళ్లీ చూడకూడదనుకున్నాను. కొద్దిగా గర్వం కూడా ఉంది, దాచను. ఇంకోటి నేను చేసి పెట్టేస్తే ఎవరికీ తెలియదు, అన్నయ్యకి మెప్పు వస్తుంది అనుకున్నాను.

అల్యూమినియం కడ్డీలో ఇంకో హబ్‌కి సరిపడా మిగిలింది ఒక్క ముక్కే. అద్దంలా వచ్చింది. ఆఖర్న మెడ దగ్గర కోస్తుండగా టూలు కరుచుకుని, ముక్క చక్‌లో ఒక్కసారి ఎగిరిపడింది. ఆపి తీసి చూస్తే కంటికి ఏమీ లేదు. గోరు పెట్టి తిప్పాను. మెడ చుట్టూ ఒకచోట గోరు సన్నగా తగులుకుంది. భూతద్దంలో వెంట్రుకంత గీత. పైపై గీతేలే అనుకున్నాను. అనుకున్నాను అనడం కూడా సరికాదు, నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఎమరీ కాగితంతో రుద్దాను, గీత పోయింది, గోరుకి కూడా తగల్లేదు. అన్నయ్య చేసింది తీసి నా హ్యాండుబ్యాగులో వేసుకుని, నాది డబ్బాలో పెట్టాను. మర్నాడు పెద్దాయన వచ్చి, దూది విప్పి చూసి, మాస్టారి చేతికి తిరుగులేదండీ అన్నారు. ఎంత సంతోషపడ్డానో.

ఎగరేసే రోజు మమ్మల్ని రమ్మన్నారు. కంకిపాడు అవతల, మినుము పీకేసిన చేను, నేల గట్టిగా బల్లపరుపుగా ఉంది. చుట్టుపక్కల జనం, పిల్లలతో కలిపి పాతికమంది దాకా పోగయ్యారు. హబ్ మీద అప్పటికే తొడుగు బిగించి ఉంది, అన్నయ్య దాన్ని చూడలేదు. పసుపుపచ్చ విమానం గట్టు దాకా పరుగెత్తి లేచింది. ఆ పెద్దాయన దాన్ని నడిపే రేడియో పెట్టె పట్టుకుని పసివాడిలా నోరు తెరుచుకుని నవ్వుతున్నారు. అన్నయ్య తల పైకెత్తి, చూపుడువేలు గాల్లో ఆడిస్తూ, తనే దాన్ని తిప్పుతున్నట్టు నిలబడ్డాడు. రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో టప్‌మని చప్పుడు వినిపించింది. ముందు తిరిగే రెక్క విడిపోయి ఎటో మెరుస్తూ వెళ్లింది, విమానం ముక్కు కిందికి పెట్టి తిన్నగా వచ్చి నేలలో దిగబడింది. ఆ విడిపోయిన రెక్క పిల్లల గుంపుకి పది అడుగుల దూరంలో పడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. మూడేళ్ల పని మాత్రం చిల్లపెంకులైంది. అన్నయ్య మోకాళ్ల మీద కూర్చుని మట్టిలోంచి హబ్ ముక్క తవ్వి తీశాడు. సగానికి విరిగి, నలిగిపోయి ఉంది. అది ఎవరి చేతి పనో చెప్పడానికి అందులో ఏమీ మిగల్లేదు.

"పోన్లెండి మాస్టారూ, విమానాలన్నాక పడతాయి," అన్నారు పెద్దాయన.

"కాదండీ. ఇది నా చేత్తో చేసిన ముక్క. కొన్నాళ్లుగా నా చెయ్యి బాగుండడం లేదు. మీకు ముందే చెప్పవలసింది. సిగ్గుపడి చెప్పలేదు," అన్నాడు అన్నయ్య.

అంతమందిలో చెప్పాడు. నేను క్యారియరు పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

తిరుగు బస్సులో నా పక్కనే కూర్చున్నాడు. బస్సు కదిలాక అన్నాడు, "కొలిచానమ్మా. చూశాను. అయినా నాకు కనపడలేదు." నేను కిటికీలోంచి చెరుకు తోటలు చూస్తూ కూర్చున్నాను. పటమట వచ్చేదాకా గంట ప్రయాణం. గంట చాలు, ఒక వాక్యం చెప్పడానికి.

ఆ వారంలోనే అన్నయ్య లేత్‌ని ఏలూరులో ఎవరికో ఇచ్చేశాడు. తీసుకెళ్లేవాళ్లు వచ్చిన రోజున బడికి సెలవు లేదని వంకపెట్టి నేను వెళ్లలేదు. నా బ్యాగులో ఉన్న అసలు ముక్కని బందరు కాలవలో పడేశాను. అదొక్కటే సాక్ష్యం, దాన్ని కూడా నేనే ముంచేశాను. పెద్దాయన మళ్లీ ఒకటి మొదలుపెడదామని ఉత్తరం రాస్తే అన్నయ్య క్షమించమని జవాబు రాశాడట. ఆయనా ఇంకేం కట్టలేదు.

చెబుదామని ఒకసారి నిజంగానే వెళ్లాను. వరండాలో ఎవరో పాత విద్యార్థి కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే అన్నయ్య మొహం వెలిగింది. "ఇదిగో మా చెల్లెలు. దీని చెయ్యి చూడాలి నువ్వు, నాకన్నా స్థిరం. ఆ రోజు దీంతో చేయించి ఉంటే విమానం పడేది కాదు," అన్నాడు. కాఫీ తాగి వచ్చేశాను. తరవాత పదకొండేళ్లు బతికాడు అన్నయ్య. చెయ్యి వణుకు ఒళ్లంతా పాకింది, చివర్లో మాట కూడా పోయింది. ఆస్పత్రిలో ఆ చెయ్యి పట్టుకుని అంతా చెప్పాను. విన్నాడో లేదో తెలియదు. కళ్లు తెరిచే ఉన్నాయి.

కర్మకాండ అయ్యాక వదినకి చెప్పాను. అన్నయ్యకి తెలిసే, నన్ను కాపాడడానికి తప్పు తన నెత్తిన వేసుకున్నాడేమోనని ఒక ఆశ ఉండేది నాకు, అది కూడా చెప్పాను.

"తెలియదమ్మా ఆయనకి," అంది వదిన. "తెలిస్తే అన్నం తినేటప్పుడు ఆ చేతిని కండువా కింద ఎందుకు దాచుకుంటారు? ఆ పిల్లలకి తగిలి ఉంటేనో అని ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డారో నేను చూశాను. ఈ మాట ఆయనకి చెప్పాల్సింది గాని, నాకెందుకు చెబుతున్నావు?"

తిట్టలేదు, తలుపు వేసుకోలేదు. ఇప్పటికీ వేసవిలో ఆవకాయ పంపిస్తుంది. కాకపోతే పెళ్లై వచ్చిన రోజునుంచీ నన్ను నువ్వు అని పిలిచిన మనిషి, ఆ రోజు తరవాత మీరు అంటోంది.

మొన్నామధ్య కంకిపాడు మీదుగా వెళ్లాను. ఆ చేను ఇప్పుడు ప్లాట్లు, గేటు, రంగు జెండాలు. మా మనవరాలు చదివే కాలేజీలో విమానం ముక్కలని కంప్యూటరులో గీసి మిషనులో అచ్చు తీస్తున్నారు, విరిగితే ఇంకోటి తీస్తారు. అవన్నీ మంచికే మారాయి, నాకు దిగులు లేదు. నన్ను కుదిపేది ఇంకోటి. ఆ పిల్ల రోజూ పదిమందికి సారీ చెబుతుంది. ఆలస్యమైతే సారీ, కొలత తప్పితే సారీ, నేస్తంతో పోట్లాడితే ఫోనులో రెండక్షరాలు కొట్టి నవ్వుతూ అన్నానికి వస్తుంది. అంత చవకైపోయిందేమిటే ఆ మాట అని నేను వెక్కిరించేదాన్ని. మన ఇళ్లలో అన్నాచెల్లెళ్ల మధ్య ఆ మాట చలామణిలోనే లేదు కదండీ. తప్పు చేస్తే మర్నాడు అన్నకి ఇష్టమైన కూర వండి పంపేవాళ్లం, అందులోనే అన్నీ వచ్చేశాయనుకునేవాళ్లం. నేను పదకొండేళ్లు గుత్తొంకాయ కూర పంపించాను. ఆ పిల్ల నోట్లో ఆడే ఆ చిన్నమాట మా కాలంలో మాకు అలవాటై ఉంటే, ఆ బస్సులో, ఆ గంటలో, నేను అని ఉండేదాన్నేమో. అనేదాన్ని అని మాత్రం ఇప్పటికీ గట్టిగా చెప్పలేను.